పటంలో నేను చెప్పని గీత

మా తోడికోడలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నా రెండు చేతుల నిండా పండిన పట్టుపురుగులు ఉన్నాయి. పురుగు పండడమంటే ఆకు తినడం మానేసి, ఒళ్ళు పసుపు తిరిగి, గూడు కట్టడానికి చోటు వెతుక్కోవడం. ఆ పూటే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టే వెదురు చాపల మీద, వదలాలి. ఆలస్యమైతే తట్టలోనే దారం వదిలేస్తుంది. ఫోను మా ఆయన ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు. అవతల నా కూతురు. "అమ్మా, చిన్నమ్మ పోయిందమ్మా" అంది. వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను ఏడవలేదు. పురుగులు ఏరుతూనే ఉన్నాను. మొదట నా మనసులో కలిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ, రోజూ దీపం పెట్టేదాన్ని, దేవుడికి తెలిసింది మీ దగ్గర దాచి ఏం చేసుకోను? నా కూతురు నా కోసం ఎప్పుడైనా ఇట్లా ఏడ్చిందా అనిపించింది. పోయినేడు నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని పరీక్షకు చదువుకుంది.

ఆమెను తలుచుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అయితే ఆమెకు చెప్పాల్సి ఉండి నేను చెప్పని మాట ఒకటి ఉంది. ఆమె పని ఒకటి మా ఇంట్లో తప్పయిందని మావాళ్ళు నాలుగేళ్ళుగా అనుకుంటూ వచ్చారు. తప్పు ఆమెది కాదు. ఆ సంగతి వదిలేసి ఆమె మంచితనం మాత్రం రాస్తే నాకు నిద్ర పట్టదు.

మాది క్యాసంబళ్ళి దగ్గర పల్లె. మల్బరీ, రాగి, నాలుగు ఆవులు. నేను హైస్కూలు దాకా కన్నడ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు భజన పుస్తకాల్లో కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆమె మా మరిది భార్య. నాకంటే ఆరేళ్ళు చిన్న. కాపురం బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేటలో. అక్కడికి దగ్గర్లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది.

పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆమె అలవాటు ఒకటి అందరికీ తెలిసిపోయింది. చేతికి ఏది దొరికితే దాని మీద చిన్న చిన్న సున్నాలు చుట్టి, వాటిని గీతలతో కలిపేది. బస్సు టికెట్ వెనక, కరెంటు బిల్లు మీద, ఒకసారి చేటలో పరుచుకున్న రాగిపిండిలో వేలితో. మా అత్తగారు బెదిరిపోయి అడిగింది.

"ఏందమ్మా ఆ గుండ్లు? దిష్టి గిష్టి తగిలిందా ఏం?"

"ఇదే నా ఉద్యోగం అత్తమ్మా."

అంతే, ఆ రోజు నుంచి మా అత్తగారు పాలు పోయడానికి వచ్చినవాళ్ళకీ, ఆకు కోయడానికి వచ్చినవాళ్ళకీ అదే చెప్పేది: "మా చిన్నకోడలు గుండ్లు గీస్తే చాలు, బెంగుళూరు నుంచి కారు పంపించి పిలుస్తారు." ఇరవై మంది కూలీలకు నేను ఒక్కదాన్నే సంగటి కెలికిన రోజులున్నాయి. ఆ మాట ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

ఆ గుండ్లు ఏమిటో నాకు ఆమే చెప్పింది. చలికాలంలో ఒక ఆదివారం, ఇద్దరం వసారాలో కూర్చుని నానిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతున్నాం. ఆమె నాలుగు గింజలు బండ మీద పెట్టి, మధ్యలో చీపురు పుల్లలు అడ్డం వేసింది.

"అక్కా, ఈ గింజ నువ్వు. ఇది అత్తమ్మ. ఇది పొయ్యి. ఈ పుల్ల ఏమంటే, పొయ్యి నీ చేతిలో ఉండాదని."

"నా చేతిలో యాడుండాదమ్మా, అత్తమ్మ చేతిలో గదా."

ఆమె నవ్వి పుల్లను అత్తమ్మ గింజ దగ్గరికి జరిపింది. "చూడు, ఇప్పుడు పటం మారింది గదా. అట్ల మారేదానికి నియమం రాస్తామక్కా. ఎడమ పక్క ఒక చిన్న బొమ్మ, కుడి పక్క ఒక చిన్న బొమ్మ. పెద్ద పటంలో యాడ ఎడమ బొమ్మ కనపడితే ఆడ దాన్ని తీసి కుడి బొమ్మ పెట్టాల. మిగిలింది ముట్టుకోకూడదు. రైళ్ళు పోయేదైనా, ఊరికి నీళ్ళొచ్చేదైనా, రోగం పాకేదైనా, ఎంత పెద్ద చిక్కైనా ఇట్లాంటి చిన్న మార్పులు ఒకదాని వెనక ఒకటి జరిగేదే."

"ఇంతదానికి అన్నేళ్ళు చదివినావా?"

"ఏది ముందు, ఏది వెనక అనేదానికి పట్టిందక్కా అన్నేళ్ళు. ఇంగ చూడు, ఉండేది ఒకటే పొయ్యి. నువ్వు పాలు పెట్టాలంటావు, నేను డికాషన్ పెట్టాలంటాను. నీ నియమం ముందు నడిస్తే ఇల్లు ఒక రకం, నాది ముందు నడిస్తే ఇంకో రకం. అట్లాంటి తగువు యాడ వస్తాదో ముందే కనిపెట్టల్ల."

లోపల్నుంచి మా అత్తగారు అరిచింది: "తోడికోడళ్ళ తగువు కనిపెట్టేదానికి కంప్యూటర్ కావాల్నా? నన్నడిగితే చాలదా!"

ముగ్గురం నవ్వాం. కానీ మేమిద్దరం చెయ్యి వేసిన గింజ పొయ్యి కాదు. నా కూతురు. ఆమెకు బిడ్డలు లేరు. నా కూతురు కాలేజీ చదువుకని వాళ్ళింటికి పోయి, అక్కడే ఉండిపోయింది. శనివారం వచ్చేది, సోమవారం పొద్దున పోయేది. ఉన్న రెండు రోజులూ "చిన్నమ్మ ఇట్లనింది, చిన్నమ్మ అట్లనింది." నేను చెప్పింది ఏదైనా అక్కడ ఎవరికైనా చెబుతుందా అని అడగాలనిపించేది. అడగలేదు. "నాకు తెలీదు" అనడం కూడా మానేసింది ఆ పిల్ల. చిన్నమ్మ లాగే "అది ఇంకా పటంలోకి రాలేదు" అనేది. ఆ మాట చిన్నమ్మ నోట బాగుండేది. తెలియనిదాన్ని తెలుసన్నట్టు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. నా కూతురి నోట వింటే మాత్రం లేచి ఇంకో పనిలో పడేదాన్ని.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో ఆమె మూడు వారాలు మా ఇంట్లో ఉంది. పట్టుపురుగుల ఇంట్లో రోగం ఒక తట్ట నుంచి ఇంకో తట్టకు ఎట్లా పాకుతుందో ఆ గుండ్లూ గీతలతో కంప్యూటర్‌లో నడిపి చూపించాలని ఆమె ఆశ. మాకు రెండు పురుగుల ఇళ్ళు. ఒకటి పెద్ద పురుగులకు, పెరడు అవతల ఇంకోటి చిన్న పురుగులకు. అప్పటికి పెద్దింట్లో రెండు తట్టలకు పాలరోగం తగిలింది. పురుగు ఒళ్ళు ఉబ్బి, తాకితే పాల లాంటి నీళ్ళు కారుతుంది. అది దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది.

ఆమె నోటుబుక్కు పట్టుకుని నా వెంట తిరిగింది. ఆకు బుట్ట యాడ నుంచి యాడికి పోతుంది, కూలీ ఆడవాళ్ళు ఏ తట్ట తరవాత ఏ తట్ట శుభ్రం చేస్తారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, గడప దగ్గర సున్నం ఎవరు చల్లుతారు. పురుగు లావైనప్పుడు ఒక తట్టను రెండు తట్టలు చేస్తాం కదా, అది కూడా ఒక నియమమే అని రాసుకుంది. నేను అప్పటికి పాతికేళ్ళుగా పురుగులు పెంచుతున్నాను. నన్ను కూర్చోబెట్టి అడిగి రాసుకున్న మనిషి ఆమె ఒక్కతే. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద లేవు.

మూడో రోజు సాయంత్రం ఆమె కంప్యూటర్ తెరిచింది. నేను చెప్పినవన్నీ రంగురంగుల గుండ్లయి తెర మీద కదిలాయి. మా ఆయన, నా కూతురు చెరో పక్క కూర్చున్నారు. మా ఆయన పెళ్ళయిన నాటి నుంచి నా పని చూసి ఒక్కసారి ఆహా అనలేదు. ఆ రోజు "ఎంత బాగా చెప్పినావమ్మా!" అన్నాడు. నా కూతురు ఆమె భుజం మీద గడ్డం ఆనించి, "చిన్నమ్మా, ఇదంతా ఎట్ల కనిపెట్టినావు?" అంది. "నేను యాడ కనిపెట్టినాను, మీ అమ్మ చెప్పింది" అని ఆమె అంది కూడా. ఎవరూ నా వైపు తిరగలేదు. నేను కాఫీ లోటాలు తీసుకుని లోపలికి పోయాను.

మరుసటి రోజు ఆమె అడిగింది.

"అక్కా, పాడైన తట్టను పటంలో నుంచి తీసేయాలంటే దాన్ని పట్టుకున్న గీతలన్నీ నాకు తెలియాల. ఒక్కటి తెలియకుండా మిగిలినా ఆ గీత గాల్లో వేలాడతాది. అట్ల వదిలేస్తే నా పటం అబద్ధం చెప్తాది. ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఇంగేమన్నా ఉండాదా? బాగా ఆలోచించి చెప్పు."

ఉంది. పొద్దున పూజ కాగానే నేను కుంకుమ గిన్నె పట్టుకుని పురుగుల ఇళ్ళకు పోతాను. కుంకుమ తడిపి, ఉంగరపు వేలితో ప్రతి తట్ట అంచుకూ బొట్టు పెడతాను. అదే వేలు పురుగుల మీద మెల్లగా ఆనించి కళ్ళకద్దుకుంటాను. మా అమ్మ అట్లే చేసేది. ఇంట్లో వాళ్ళు లేచేలోగా అయిపోతుంది, ఎవరూ చూడరు. రోగం తగిలిన తట్టలతో మొదలుపెట్టేదాన్ని, దేవుడి అవసరం వాటికే ఎక్కువ కదా అని. అక్కణ్ణుంచి చిన్న పురుగుల ఇంటికి పోయేదాన్ని.

"అంతేనమ్మా, ఇంగేమీ లేదు" అన్నాను.

తెలియక చెప్పలేదని రాస్తే ఇక్కడితో నాకు సుఖంగా ఉంటుంది. కానీ చేతులు కడుక్కోకుండా తట్ట ముట్టుకోవద్దని కూలీలను రోజూ కేకలేసేది నేనే. నాకు లోపల ఎక్కడో తెలుసు. అన్నీ ఇచ్చేశాను, ఇదొక్కటి నాదీ దేవుడిదీ, దీన్ని కూడా గుండు చుట్టి తెర మీద ఆడించి అందరి మెప్పూ తీసుకుంటుంది అనుకున్నాను.

పాడైన రెండు తట్టలూ తీసి కాల్చేస్తే చిన్నింటికి భయం లేదని ఆమె పటం చెప్పింది. మా ఆయన నమ్మి అట్లే చేసి, చిన్నింట్లో ఉన్నవాటిని పెరగనిచ్చాడు. పది రోజులకు ఆ ఇల్లంతా పాలరోగం. ఒక్క తట్ట కూడా మిగల్లేదు. గుంత తవ్వి, సున్నం చల్లి, అంతా పూడ్చేశాం. ఆమె గుంత పక్కనే నిలబడి ఉంది. మా ఆయన కోపంగా ఏమీ అనలేదు గానీ, "ఏమ్మా, నీ గుండ్లకి మా పురుగులు లొంగలేదే" అన్నాడు. కూలీలు నవ్వారు. ఆమె తలవంచుకుంది. బెంగుళూరులో పెద్దవాళ్ళ ముందు ఆ పని చూపించాల్సి ఉంటే, తప్పయిందని తానే చెప్పి మానుకుంది.

ఆ రోజు నాకు సంతోషమయింది. పంట పోయినందుకు ఏడుస్తూనే సంతోషపడ్డాను. అట్లాంటిది కూడా మనిషికి సాధ్యమే.

మూడు నెలలయ్యాక, శ్రావణ మాసంలో ఆమె వచ్చింది. నేను పూలు కడుతుంటే పక్కన చతికిలబడింది.

"అక్కా, నా నియమాలను వెనక్కి నడిపించి చూసినాను. పురుగులు పోయిన కాడ నుంచి మొదలుపెట్టి, ఒక్కో అడుగు వెనక్కి. ఎట్ల పోయినా ఒకే చోటికి వస్తాండాది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఒక గీత ఉండాల. రోజుకొకసారి, పొద్దున పూట నడిచే గీత. అది లేకుంటే ఇట్ల జరిగేదానికి లేదు."

దారం నా వేలికి చుట్టుకుపోయింది. "కుక్క తిరుగుతాదేమో" అన్నాను.

"కుక్క ఒక్కో తట్టనూ ముట్టుకుంటా పోదు గదక్కా."

అంతే అంది. నా ముఖం వైపు చూడలేదు. కట్టిన మాల ఎత్తి, "మల్లెలు ఇంత బాగా మీ ఊళ్ళోనే పూస్తాయి" అని వాసన చూసింది.

తరవాతి వారం వచ్చినప్పుడు రెండు చిన్న ఇత్తడి కుంకుమ గిన్నెలు తెచ్చింది. అందరి ముందూ నా చేతిలో పెట్టింది. "పెద్దింటికొకటి, చిన్నింటికొకటి అక్కా. సుమ్నే, ఊరికే అంగట్లో కనపడితే తీసుకొస్తిని. ముందు చిన్న పురుగులకి పెట్టు. పసిబిడ్డలు గదా, దేవుడు ముందు వాళ్ళను చూడల్ల. వాటికి పెట్టినాక పెద్దవాటికి."

మా అత్తగారు మురిసిపోయింది. "చూడు, చిన్నదానికి ఎంత భక్తో!"

ఆమెకు తెలిసిందని నాకు ఆ క్షణాన తెలిసింది. ఎప్పుడో తెల్లవారకముందు నన్ను చూసి ఉంటుంది, లేదా ఆ వెనక్కి నడిచే దారిలో నా వేలి దాకా వచ్చేసి ఉంటుంది. ఒక్క మాటతో తన పేరు నిలబెట్టుకోగలిగేది. చేయలేదు. నా పూజ నాకే వదిలి, వరస మాత్రం మార్చింది. ఆ తరవాత మాకు అట్లా ఒక ఇల్లంతా పోలేదు. మా ఆయన సున్నం మంచిదైందని చెప్పుకున్నాడు. చదువులో ఆమె నాకంటే పైన అని ఒప్పుకోవడం కష్టం కాలేదు. మనసులో కూడా పైనే ఉందే అని ఆ గిన్నెలు తోమిన ప్రతిసారీ ఉడుక్కున్నాను. అయినా చెప్పలేదు. "అక్కా, అది నువ్వే గదా" అని ఒక్కసారి అడిగి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో. అడగడం ఆమె పద్ధతి కాదు.

ఈ ఏడు ఆమెకు జబ్బు చేసింది. నాలుగు నెలలు. చివరిసారి చూడబోయినప్పుడు ఈసారి చెప్పేయాలనే పోయాను, దారిలో బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. మంచం చుట్టూ ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు. ఒకమ్మాయి కాళ్ళు పిసుకుతోంది. ఆమె నన్ను చూసి చెయ్యి చాపింది.

"చిన్న పురుగులు ఎట్లుండాయక్కా?"

"బాగుండాయమ్మా."

"ఆకు బాగా తింటాండాయా?"

"తింటాండాయి."

ఇంతలో ఇంకో పిల్ల వచ్చి "మేడమ్, ఆ మూడో నియమం" అంటూ కాగితం చూపించింది. ఆమె కళ్ళు వెలిగాయి. అంత జబ్బులో కూడా పెన్ను అడిగింది. నా కూతురు తల కింద దిండు సరిచేసింది. నేను అక్కడ ఎవరినీ కాను అనిపించింది. విభూతి దిండు కింద పెట్టి, బస్సుకు టైమయిందని లేచి వచ్చేశాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నరా బస్టాండు బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు ఆ గంటన్నర కోసం దేవుణ్ణి అడుక్కుంటున్నాను.

కర్మలన్నీ మా ఊళ్ళోనే జరిగాయి. తొమ్మిదో రోజు సాయంత్రం వసారాలో మావాళ్ళు కూర్చుని పదకొండో రోజు వంటల మాట, ఆమె మాట కలిపి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన అన్నాడు: "అట్లాంటి మనిషి దొరకదు. ఒక్క పురుగుల సంగతి మటుకు ఆమెకి కుదర్లేదు. ఆ పటం నమ్మి ఒక ఇల్లు పురుగుల్ని గుంతలో పోసినాను. పాపం, పోనీలే." చుట్టాలు నవ్వీ నవ్వనట్టు నవ్వారు. గోడకు ఆనుకుని కూర్చున్న నా కూతురు తల వంచుకుంది. ఆ రోజు గుంత పక్కన ఆమె వంచినట్టే.

"ఆ పటం తప్పు కాదు" అన్నాను. నాకు గొంతు చిన్నది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను.

మా ఆయన తిరిగి చూశాడు. "ఏమంటివి?"

"దాంట్లో ఒక గీత లేదు. ఆమె అడిగింది. నేను చెప్పలేదు."

"ఏం గీత?"

"నా వేలు."

అంతా చెప్పాను. రోగం తట్టలు ముందు అన్న సంగతి, కుంకుమ గిన్నెల సంగతి కూడా. మా అత్తగారు చెవులు మూసుకుంది. "దేవుడి బొట్టుతో రోగమొస్తాదా! ఎవురన్నా వింటే నవ్వుతారే!"

"బొట్టుతో కాదత్తమ్మా. నా వేలితో."

మా ఆయన నెమ్మదిగా అడిగాడు. "అప్పుడే చెప్పింటే ఏమయ్యేది?"

"చెప్పింటే మీరు మళ్ళా ఆమెనే మెచ్చుకుంటారని."

నా కూతురు లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. పోయినామె పేరు నిలబెట్టాను, ఉన్న బిడ్డను పోగొట్టుకున్నాను అనుకున్నాను. భోజనానికి కూడా అది నా ఎదురుగా కూర్చోలేదు.

మరునాడు పొద్దున నేను పెద్దింట్లో ఉన్నాను. గూళ్ళు కోసేశాం, తట్టలన్నీ కడిగి వరసగా స్టాండ్ల మీద ఆరబెట్టి ఉన్నాయి. ఇల్లు బోసిగా ఉంది. నా కూతురు వచ్చి గడప దగ్గర నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో చిన్నమ్మ నోటుబుక్కు.

"యాడ మొదలుపెడతా ఉంటివి?" అని అడిగింది. అమ్మా అని కూడా పిలవలేదు.

"ఇప్పుడెందుకే?"

"చిన్నమ్మ పటం పూర్తి చెయ్యాల. ఏ తట్ట ముందు, ఏది వెనక, అన్నీ కావాల. నువ్వు చేసినట్లే చేసి చూపించు. నేను గీసుకుంటాను."

నా కోసం రాలేదు. చిన్నమ్మ కోసమే వచ్చింది. అది నాకు గుచ్చుకోలేదని చెప్పను. మైల రోజులు కాబట్టి కుంకుమ ముట్టకూడదు. ఒట్టి ఉంగరపు వేలు చాపి మొదటి తట్ట అంచు మీద ఆనించాను. తరవాత దాని పక్కది. నా వెనక రెండడుగుల దూరంలో నా కూతురి చెప్పులు లేని కాళ్ళ చప్పుడు, కాగితం మీద పెన్సిల్ గీస్తున్న చప్పుడు. పురుగు లేని తట్టల మీద, బొట్టు లేని వేలితో, ఒక్కొక్కటే తాకుతూ పెరట్లోకి దిగి చిన్నింటి వైపు నడిచాను. నేను ఆగితే పెన్సిల్ ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది.